మీకు తెలుసా? పేరులో ఓక్, పుట్టుకలో హైడ్రాంజియా

హైడ్రాంజియా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఊటీ. పాత బంగ్లాల ముందు, పార్కు దారుల పక్కన నీలంగానో లేత గులాబీగానో గుండ్రంగా విరగబూసే ఆ పూలు. వాటి పుట్టిల్లు జపాన్. ఆ హైడ్రాంజియాకు అమెరికాలో ఒక చుట్టం ఉంది, ఓక్‌లీఫ్ హైడ్రాంజియా అని. జార్జియా, అలబామా, టెనెసీ, మిసిసిపీ రాష్ట్రాల అడవుల్లో దానంతటదే మొలుస్తుంది. అట్లాంటా, బర్మింగ్‌హామ్, నాష్‌విల్ శివార్లలో ఇళ్లు కట్టుకున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది పక్క అడవి మొక్క, నర్సరీల్లో సులువుగా దొరికే మొక్క. అయినా మన పెరళ్లలో దీన్ని చూడటం తక్కువే. కరివేపాకు కుండీని శీతాకాలం లోపలికీ, ఎండలు రాగానే బయటికీ మోసే ఓపిక ఉన్నవాళ్లకు ఇది దాదాపు ఏ పనీ చెప్పదు. అక్కడే ఉంది చిక్కంతా. ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి చేసే చేతులకే ఈ మొక్క లొంగదు. ఎందుకో చూడండి.

ఓక్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు

ఆకును చూస్తే మాత్రం ఎర్ర ఓక్ చెట్టుదే అనుకుంటారు. అరచేతిని మించిన వెడల్పు, అంచున లోతైన చీలికలు, సాధారణంగా ఐదు తమ్మెలు, పైన ముదురాకుపచ్చ, కింద తెల్లటి నూగు. పెద్ద ఆకు అడుగు పొడవు దాకా సాగుతుంది. పోలిక అంతవరకే. ఓక్ ఆకులు కొమ్మకు ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వస్తాయి. దీని ఆకులు రెండేసి ఎదురెదురుగా జంటగా వస్తాయి. నర్సరీలో చీటీ ఊడిపోయిన మొక్కను గుర్తుపట్టడానికి ఆ ఒక్క తేడా చాలు. ఓక్ కాయలు కాస్తుంది, వందల ఏళ్లు బతికే మహావృక్షమవుతుంది. ఇది మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా పెరిగే పొద. ఆ ఓక్ చెట్ల నీడలోనే బతకడం మాత్రం దీనికి ఇష్టం.

దీన్ని లోకానికి చూపినవాడికి ‘పూల వేటగాడు’ అని పేరు

ఫిలడెల్ఫియాలో షూల్‌కిల్ నది ఒడ్డున జాన్ బార్‌ట్రమ్ అనే క్వేకర్ రైతు 1728లో ఒక తోట వేశాడు. అమెరికాలో ఇప్పటికీ నిలిచివున్న అతి పాత వృక్షశాస్త్ర ఉద్యానం అదే. ఆయన కొడుకు విలియమ్‌కు వ్యాపారం అచ్చిరాలేదు, వ్యవసాయమూ కుదరలేదు. బొమ్మలు గీయడం, అడవులు తిరగడం మాత్రం వచ్చు. లండన్‌లోని జాన్ ఫోదర్‌గిల్ అనే వైద్యుడు ఖర్చు పెట్టుకుంటానంటే, 1773లో దక్షిణాది అడవులకు బయల్దేరాడు. దాదాపు నాలుగేళ్లు తిరిగాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, తోటి వలసవాసులు తుపాకులు పట్టారు. ఈయన గుర్రమెక్కి ఆకులూ విత్తనాలూ ఏరుకుంటూ, క్రీక్, సెమినోల్, చెరోకీ ఊళ్లలో బస చేస్తూ గడిపాడు. ఫ్లారిడాలో ఒక సెమినోల్ నాయకుడు ఆయనకు ‘పుక్ పగ్గీ’ అని పేరు పెట్టాడు. పూల వేటగాడు అని అర్థం.

జార్జియా అడవుల్లో కనబడ్డ ఈ పొదను విలియమ్ బొమ్మ గీసుకున్నాడు. 1791లో అచ్చైన తన ప్రయాణ గ్రంథంలో దాని వర్ణననూ, చెక్కిన బొమ్మనూ కలిపి ‘హైడ్రాంజియా క్వెర్సిఫోలియా’ అన్న శాస్త్రీయ నామం ఇచ్చాడు. ఈనాటికీ అదే పేరు. ఆ పుస్తకాన్ని ఇంగ్లండ్‌లో కవి కోలరిడ్జ్ ఎంత ఇష్టంగా చదివాడంటే, ఆయన కవిత ‘కూబ్లా ఖాన్’లో పొంగే ఊటల వెనుక విలియమ్ వర్ణించిన ఫ్లారిడా ఊటలున్నాయని సాహిత్య పరిశోధకులు చూపిస్తారు. ఒక రైతు కొడుకు రాసిన పుస్తకం కవులనూ తోటమాలులనూ ఒకేసారి ఆకట్టుకోవడం అరుదు.

ఇంకో ముచ్చట. ఇదే తండ్రీకొడుకులు 1765లో జార్జియాలో ఆల్టమహా నది ఒడ్డున మరో పూల చెట్టును చూశారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీద దాన్ని ఫ్రాంక్లీనియా అన్నారు. 1803 తర్వాత అడవిలో దాన్ని చూసినవాళ్లు లేరు. ఇప్పుడున్న ఫ్రాంక్లీనియాలన్నీ వాళ్లు తెచ్చి పెంచిన విత్తనాల సంతానమే. ఓక్‌లీఫ్ హైడ్రాంజియాకు ఆ గతి పట్టలేదు. సెలయేళ్ల గట్ల మీద, సున్నపురాయి దిబ్బల వాలుల్లో ఇప్పటికీ గుంపులుగా పెరుగుతోంది.

అలబామాకు ఇది రాష్ట్ర అడవిపువ్వు

దాని వెనుక చిన్న పౌరుషం ఉంది. అలబామా రాష్ట్ర పుష్పం 1927 నుంచి గోల్డెన్‌రాడ్. అది కలుపుమొక్కలా ఉందని కొందరికి నచ్చక, 1959లో దాన్ని తీసేసి కెమీలియాను పెట్టుకున్నారు. అందమైన పువ్వే, కాదనలేం. కానీ కెమీలియా ఆసియాది, మన తేయాకుకు అక్కచెల్లెలు. సొంత అడవిలో పుట్టని పువ్వు రాష్ట్రానికి గుర్తేమిటన్న మాట నిలిచిపోయింది. 1999లో కెమీలియాను కదపకుండానే, పక్కన ఓక్‌లీఫ్ హైడ్రాంజియాను రాష్ట్ర అడవిపువ్వుగా చేర్చారు. పక్కనున్న జార్జియా కథా అలాంటిదే. 1916లో వాళ్లు రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నది ‘చెరోకీ రోజ్’. పేరు చెరోకీలది, పువ్వు చైనాది.

తెల్లగా కనిపించేవి అసలు పూలు కావు

మే నెలాఖరులో కొమ్మ చివర్ల మీద అడుగు పొడవు దాకా శంకు ఆకారంలో తెల్లటి గుత్తులు వస్తాయి. దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే నాలుగేసి రేకులు నిజానికి ఆకర్షణ పత్రాలు కావు, పెద్దవైన రక్షక పత్రాలు. బడిలో చదువుకున్న పువ్వు భాగాల్లో అన్నిటికన్నా బయట ఉండేవి. అవి ఉన్న పూలు గొడ్డువి, గింజ కట్టవు. కాగితం పూల చెట్టు రంగు ఆకులతో కళ్లను మోసం చేసినట్టే ఇదీ.

అసలు పూలు గుత్తి లోపల, కిందుగా, ఆవగింజలంత మొగ్గలుగా ఉంటాయి. విచ్చినప్పుడు కేసరాలు తప్ప ఏమీ కనబడదు. తేనెటీగలు వచ్చేది వాటి కోసమే. దగ్గరగా నిలబడితే సన్నని తీపి వాసన కూడా తెలుస్తుంది. గుండ్రటి బంతుల్లా పూసే హైడ్రాంజియా రకాల్లో దాదాపు అన్నీ గొడ్డు పూలే కాబట్టి, అవి ఎంత పెద్దగా పూసినా తేనెటీగలకు అక్కడ పెద్దగా భోజనం లేదు. పెరట్లో సొరపాదూ కాకరపాదూ ఉండి, పరాగసంపర్కం చాలక పిందెలు రాలిపోతున్నాయని బాధపడేవాళ్లు ఈ తేడాను గమనించాలి.

మట్టిని మార్చి దీని పూల రంగు మార్చలేరు

ఊటీ రకానికి నేల పుల్లగా ఉంటే నీలం, క్షారం వైపు మొగ్గితే గులాబీ. ఆమ్ల నేలలో అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది. పూలలోని రంగుపదార్థంతో అది కలిస్తే నీలం తేలుతుంది. అందుకే అమెరికా తోట దుకాణాల్లో ‘నీలం చేసే పొడి’ అని అల్యూమినియం సల్ఫేట్ సంచులు అమ్ముతారు. వాటిని తెచ్చి ఓక్‌లీఫ్ మొదట్లో పోస్తే డబ్బు దండగ. తెలుపు తెలుపే.

అయితే ఈ మొక్క పూలు రంగు మారవని కాదు. వాటికి నేలతో పని లేదు, వయసుతో పని. తెల్లగా విచ్చి, వారాలు గడిచేకొద్దీ లేత గులాబీ పడుతూ, ఆఖరికి గోధుమరంగులోకి ఎండుతాయి. రకాన్ని బట్టి ఆ గులాబీ ఛాయ కొన్నిట్లో బాగా ముదురుతుంది.

నీడ కావాలి, కానీ ఏ పూట నీడ?

‘అరనీడ మొక్క’ అని చీటీ మీద రాసిస్తారు. పొద్దున అరనీడా సాయంత్రం అరనీడా ఒకటి కావు. పొద్దుటి ఎండ లేతది, మధ్యాహ్నం రెండింటి ఎండ ఆకుల్ని కమిలిస్తుంది. జార్జియా, అలబామాల్లో ఇంటికి తూర్పు గోడవైపు నాటితే సరిగ్గా సరిపోతుంది: పొద్దున నాలుగైదు గంటలు ఎండ, తర్వాత ఇంటి నీడ. పడమటి గోడవైపు, అందులోనూ ఇటుక గోడ దగ్గర, వేడి రెండువైపులా కొడుతుంది. ఉత్తరం గోడ పక్కన బతుకుతుంది గానీ పూలు పలచబడతాయి. ఓహాయో, న్యూజెర్సీ లాంటి చోట్ల ఎండ తీవ్రత తక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఎండలో పెట్టినా తట్టుకుంటుంది. అక్కడ అదే మేలు కూడా.

చెట్ల కింద నాటాలంటే ఏ చెట్టన్నది చూడాలి. పొడవాటి పైన్‌లూ ఓక్‌లూ అయితే కొమ్మల సందుల్లోంచి వెలుగు జల్లెడ పట్టినట్టు పడుతుంది, ఈ మొక్కకు అడవిలో అలవాటైన వెలుగు అదే. మేపుల్ కింద వద్దు. వాటి వేళ్లు నేల పైపొరలోనే దట్టంగా అల్లుకుని ఉంటాయి, పోసిన నీళ్లు కొత్త మొక్కకు దక్కనివ్వవు.

చిక్కటి నీడలో పెడితే ఏమవుతుంది? చావదు. పచ్చగానే ఉంటుంది. పూలు తగ్గుతాయి, శరదృతువులో ఎరుపెక్కాల్సిన ఆకు పచ్చపచ్చగానే రాలిపోతుంది. సగం అందం ఆ రంగులోనే ఉన్న మొక్కకు అది పెద్ద నష్టం.

ఎర్రమట్టిని చూసి మోసపోవద్దు

అట్లాంటా చుట్టుపక్కల గడ్డపార వేస్తే ఎర్రమట్టి వస్తుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి వెళ్లినవాళ్లకు ఊరు గుర్తొస్తుంది. రెండు చోట్లా ఎరుపునిచ్చేది ఇనుమే. గుణం మాత్రం వేరు. మన చెలక నేల నీటిని ఇట్టే వదిలేస్తుంది. జార్జియా బంకమట్టి పట్టుకుని కూర్చుంటుంది. అందులో చక్కగా గొయ్యి తవ్వి, మంచి మట్టి నింపి మొక్క పెడితే, వానలు పడితే ఆ గొయ్యి తొట్టిలా నీళ్లు నింపుకుంటుంది. ఈ మొక్క చలికి చావదు, నీడకు చావదు, ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

వేళ్లు నీటిలో నానితే ఫైటాఫ్తొరా అనే తెగులు పడుతుంది. మన వైపు తమలపాకు తోటల్లో మొదలు కుళ్లించేదీ ఆ ప్రజాతిదే. వేరు కుళ్లిన మొక్క ఆకులు వాలేస్తుంది, చూడటానికి దాహంతో ఉన్నట్టే ఉంటుంది. మనం జాలిపడి ఇంకో బక్కెట్ పోస్తాం. దాంతో పని పూర్తవుతుంది.

కాబట్టి నాటక ముందే ఒక పరీక్ష. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లతో నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. మర్నాటి పొద్దుటికీ నీళ్లు నిలిచే ఉంటే ఆ చోటు వదిలేయండి, లేదా మట్టి ఎత్తుగా పోసి దిబ్బ మీద నాటండి. వాలు ఉన్న పెరడైతే వాలు మధ్యలో పెట్టడం మేలు, అడుగున కాదు. గొయ్యి లోతు వేరుముద్దంతే ఉండాలి, వెడల్పు దానికి రెండు మూడింతలు. వేరుముద్ద పైభాగం చుట్టూ నేలకంటే అంగుళం, రెండంగుళాలు ఎత్తున నిలవాలి. ఆ చుట్టుపక్కల దుకాణాల్లో సంచుల్లో దొరికే మెత్తటి పైన్ బెరడు పొడిని గొయ్యిలో ఒక్కచోటే కాక, చుట్టూ ఉన్న మట్టి అంతటిలో కలిపితే బంక కాస్త విడుతుంది.

పైన కప్పడానికి అక్కడ మోపులు మోపులుగా అమ్మే పైన్ ఆకు సరిగ్గా కుదురుతుంది. రెండు మూడంగుళాల మందం చాలు. కాండానికి ఆనుకోకుండా చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. వేళ్లు పైపైన పాకే మొక్క కాబట్టి ఈ కప్పు నేలను చల్లగా ఉంచుతుంది. మొదట్లో తవ్వి గుల్ల చేసే అలవాటుంటే ఇక్కడ మానుకోవాలి.

నాటడానికి ఆ ప్రాంతంలో శరదృతువు అన్నిటికన్నా మంచిది. పైన ఆకు రాలుతున్నా కింద నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది, వేళ్లు చలికాలమంతా నెమ్మదిగా పాకుతాయి.

ఆకులు వాలినప్పుడల్లా దాహం కాదు

జూలై మధ్యాహ్నం ఈ పెద్ద ఆకులు తోటకూర కట్టలా వేలాడతాయి. సాయంత్రానికి లేచి నిలబడితే దిగులక్కర్లేదు. పొద్దున్నే కూడా వాలి ఉంటే వేలు రెండంగుళాలు మట్టిలోకి పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు. మొదటి రెండు వేసవులు వారానికి అంగుళం వాన కురిసినంత నీరు అందాలి. నిలదొక్కుకున్నాక తోటలో పెంచే హైడ్రాంజియాల్లో నీటి ఎద్దడిని బాగా తట్టుకునేవాటిలో ఇదొకటి.

చలికాలంలో కత్తెర పట్టుకుంటే వచ్చే ఏడు పూలు లేవు

మన అలవాటు ఇక్కడ మనకే శత్రువు. మల్లెను నవంబరు నుంచి జనవరి లోపల కత్తిరించి, ఆకు దూసి, నీళ్లు ఆపి, మళ్లీ పెడితే ఎండాకాలం విరగబూస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. గులాబీకీ కత్తెర పడాల్సిందే. రెండూ కొత్తగా వచ్చిన చిగురు మీద పూసేవి. ఓక్‌లీఫ్ నిరుటి కొమ్మ మీద పూస్తుంది. ఈ వేసవిలో పూసి అయిపోగానే, ఎండలు తగ్గక ముందే, వచ్చే ఏటి పూమొగ్గను కొమ్మ చివర్లో లోలోపల తయారుచేసి పెట్టుకుంటుంది. డిసెంబరులో ఆ కొమ్మ చివరలు ఎండుపుల్లల్లా కనబడతాయి. శుభ్రం చేద్దామని కత్తిరిస్తే కత్తిరించింది పూలనే. మే నెలలో పచ్చటి పొద ఉంటుంది, ఒక్క గుత్తీ ఉండదు.

అక్కడి శివారు కాలనీల్లో ఫిబ్రవరి వచ్చిందంటే తోటపనివాళ్లు మోటారు కత్తెరలతో దిగి పొదలన్నిటినీ గుండ్రంగా గొరిగేస్తారు. ఈ మొక్కను మాత్రం వదిలేయమని వాళ్లకు ముందే చెప్పాలి. కత్తిరించక తప్పకపోతే, పూలు వాడుతుండగా, ఆలస్యమైతే జూలై దాటకుండా చేయాలి. ఎండిపోయిన కొమ్మలను ఎప్పుడైనా తీయొచ్చు. చివర ఎండిందో, నిద్రపోతోందో తెలియకపోతే ఏప్రిల్ దాకా ఆగండి. మొగ్గ విచ్చితే తెలిసిపోతుంది.

గందరగోళం ఎక్కడంటే, అమెరికాదే అయిన మరో అడవి హైడ్రాంజియా ఉంది. అన్నబెల్ అనే తెల్లటి బంతుల రకం దానిదే. అది కొత్త చిగురు మీద పూస్తుంది, చలికాలం చివర మొదలంటా నరికినా పూస్తుంది. పక్కింటివాళ్లు ‘మేం నరికాం, బాగా పూసింది’ అని చెబితే, వాళ్లది ఏ హైడ్రాంజియానో కనుక్కున్నాకే వినండి.

చలి సమస్య కాదు, తొందరపడ్డ వసంతమే సమస్య

అమెరికా వ్యవసాయ శాఖ చలి మండలాల్లో ఐదు నుంచి తొమ్మిది వరకు ఇది పెరుగుతుంది. ఐదో మండలమంటే చలి మైనస్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా దిగే చోటు. అంత చలిలో మొక్క బతికినా కొన్నేళ్లు పూమొగ్గలు మాడిపోవచ్చు. దక్షిణాన ఇబ్బంది వేరు. మార్చిలో నాలుగు వెచ్చటి రోజులు చూసి మొగ్గ విచ్చుతుంది, ఏప్రిల్‌లో ఒక రాత్రి మంచు గడ్డకట్టి చిగురు నల్లబడుతుంది. ఆ ఒక్క రాత్రి పాత దుప్పటి కప్పితే సరి, ప్లాస్టిక్ వద్దు.

పూలు పోయాక అసలు ఆట మొదలు

అక్టోబరు దాటాక ఈ ఆకులు పట్టే రంగుల్ని వర్ణించబోతే అతిశయోక్తి అనిపిస్తుంది. ముదురెరుపు, ఊదా, ద్రాక్షరసం రంగు, మధ్యలో నారింజ, ఒకే ఆకు మీద రెండు మూడు. ఆంథోసయనిన్‌ల పని ఇది, నేరేడు పండుకు రంగునిచ్చేవీ అవే. పగలు ఎండ, రాత్రి చలి రెండూ ఉంటే అవి బాగా తయారవుతాయి. అందుకే కాస్త ఎండ తగిలిన మొక్కే ఎక్కువ ఎరుపెక్కుతుంది. దక్షిణాదిలో డిసెంబరు దాకా కొన్ని ఆకులు అంటిపెట్టుకునే ఉంటాయి, మేపుల్ ఆకులన్నీ ఊడ్చి సంచుల్లో కట్టేశాక కూడా.

ఆకు రాలాక బెరడు వంతు. ముదిరిన కొమ్మల మీద పలచటి పొరలు పొరలుగా లేచి, కింద దాల్చినచెక్క రంగు కనిపిస్తుంది. ఇది తెగులు కాదు, మందు కొట్టనక్కర్లేదు. కింది కొమ్మలు కనబడేలా వదిలేస్తే జనవరిలోనూ కిటికీలోంచి చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. నాలుగు కాలాలకూ నాలుగు వేషాలు వేసే పొదలు తక్కువ. నా మట్టుకు నాకు పూలకన్నా ఆకు రంగు కోసమే దీన్ని నాటవచ్చనిపిస్తుంది.

ఒకే గుత్తిలో పాతా కొత్తా పూసే రకం ఉంది

అలబామాలోని ఆల్డ్రిడ్జ్ తండ్రీకొడుకుల నర్సరీ ద్వారా ‘స్నోఫ్లేక్’ అనే రకం వెలుగులోకి వచ్చింది. 1971లో పేటెంట్ పొందింది. మామూలు పువ్వుకు నాలుగు రేకుల్లాంటివి ఒక వరస. దీనికి ఆ వరస మీద మరో వరస, దాని మీద ఇంకోటి, వారాల తరబడి పుట్టుకొస్తూనే ఉంటాయి. అడుగు వరసలు గులాబీ పడేసరికి పైవి ఇంకా తెల్లగానే ఉంటాయి. అందం ఎంతో బరువూ అంతే. పెద్ద వాన పడితే గుత్తులు నేలకు వంగిపోతాయి. గుత్తులు నిటారుగా నిలవాలంటే న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ నర్సరీల వారు ఇచ్చిన ‘స్నో క్వీన్’ వైపు చూడాలి. ఆల్డ్రిడ్జ్ కుటుంబం స్థలం ఇప్పుడు అలబామాలోని హూవర్‌లో అందరూ చూడదగ్గ తోట. హైడ్రాంజియాలకు పేరున్న చోటు.

పెరడు చిన్నదైతే ‘ఆలిస్’ను ఇంటికి తేకండి

జార్జియా విశ్వవిద్యాలయంలో మైకేల్ డర్ అనే ఉద్యాన ఆచార్యుడు ఏథెన్స్ ప్రాంగణంలోని మొక్కల్లోంచి ఎంచి ‘ఆలిస్’ రకాన్ని పేరుకు తెచ్చాడు. గుత్తులు అడుగు దాటతాయి, రంగు అద్భుతం. ఎత్తూ వెడల్పూ పదేసి అడుగులు, మించినా ఆశ్చర్యం లేదు. కిటికీ కింద పెట్టి, ఏటా నరుక్కుంటూ, పూలు రావడం లేదని వగచే ఇళ్లు ఎన్నో.

ఆ ఇక్కట్టును చూసే అమెరికా జాతీయ వృక్షోద్యానం వారు టెనెసీలోని మెక్‌మిన్‌విల్ కేంద్రంలో పొట్టి రకాలను తయారుచేసి 2010లో విడుదల చేశారు. ‘రూబీ స్లిప్పర్స్’ మూడున్నర అడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు. తెల్లగా విచ్చిన గుత్తి త్వరగానే ముదురు గులాబీకి తిరుగుతుంది. ‘మంచ్‌కిన్’ ఇంకా పొట్టి, మూడడుగులు. ‘పీ వీ’, ‘సైక్స్ డ్వార్ఫ్’ అంతకుముందు నుంచీ ఉన్న చిన్న రకాలు. ‘లిటిల్ హనీ’ ఆకు నిమ్మపండు పసుపు. అది ఎండలో మాడిపోతుంది కాబట్టి మిగతావాటికన్నా నీడ ఎక్కువ ఇవ్వాలి. నాటక ముందే చీటీ మీది వెడల్పు చదివి, అంత దూరం వదిలితే కత్తెర అవసరమే రాదు.

జింకలకు ఇది పలావు

అట్లాంటా ఉత్తర శివార్లలో అడవికి ఆనుకున్న పెరడైతే లేత మొక్క చుట్టూ వలకంచె వేయక తప్పదు. ముళ్లు లేవు, ఘాటు వాసన లేదు. మొక్క గట్టిపడ్డాక నష్టం తగ్గుతుంది, అంతే.

ఎరువు ఎక్కువైతే ఆకే

అడవిలో కుళ్లిన ఆకు తిని బతికే మొక్క. వసంతంలో ఒకసారి నెమ్మదిగా విడుదలయ్యే ఎరువు గుప్పెడో, ఒక పొర కంపోస్టో చాలు. నత్రజని మితిమీరితే పొద ఒత్తుగా, పూలు పలచగా వస్తాయి. పచ్చిక బయలుకు చల్లే ఎరువు ఎగిరిపడి కూడా ఇలా జరుగుతుంది. డాలస్ వైపు సున్నపు బంకమట్టిలో పెంచేవాళ్లు ఈనెలు పచ్చగా ఉండి మధ్య ఆకు పసుపు పడితే ఇనుము అందడం లేదని గుర్తించాలి.

ఒక మొక్కకు డబ్బిస్తే నాలుగు ఊరికే వస్తాయి

కింది కొమ్మ ఒకటి నేలకు వంచి, తాకే చోట బెరడు కాస్త గీరి, మట్టి కప్పి, మీద ఇటుక పెట్టడమే. మనం మల్లెకు నేల అంటు తొక్కినట్టే. వసంతంలో తొక్కితే మరుసటి ఏడాదికి వేళ్లు దిగుతాయి, తల్లి నుంచి కోసి మార్చుకోవచ్చు. మొదట్లోంచి పిలకలు కూడా వస్తాయి, చలికాలంలో వేరుతో సహా తవ్వి పంచుకోవచ్చు. చిన్న ముక్కలు నాటి వేళ్లు తెప్పించడం కొంచెం మొండి పని. స్నోఫ్లేక్ లాంటి ఎంపిక రకాలు గింజతో తల్లి పోలికలో రావు కాబట్టి వాటికి అంటే దారి. పేటెంట్ నడుస్తున్న రకాలను మాత్రం ఇలా పెంచి అమ్మడం కాదు, పెంచడమే చట్టం ఒప్పదు.

ఎండిన గుత్తులు బతుకమ్మకు పనికిరావు, గదికి పనికొస్తాయి

తెల్లగా ఉన్నప్పుడు కోస్తే వాడిపోతాయి. ముట్టుకుంటే కాగితంలా గరగరమన్నాక కోసి, ఆకులు దూసి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే నెలల తరబడి నిలుస్తాయి.

పిల్లలూ పెంపుడు జంతువులూ ఉంటే

హైడ్రాంజియాల ఆకుల్లో, మొగ్గల్లో విషపదార్థాలున్నాయి. కుక్క, పిల్లి, గుర్రం నమిలితే వాంతులు, విరేచనాలు రావచ్చు. ఎక్కువ తింటేనే పెద్ద ప్రమాదం గానీ, కొరికే అలవాటున్న కుక్కపిల్ల ఉన్న ఇంట్లో చుట్టూ కంచె మంచిది. పూలను తినే పదార్థాల మీద అలంకారంగా పెట్టే ఫ్యాషన్ ఒకటి కేకుల మీద కనిపిస్తోంది, ఈ పూలతో అది వద్దు.

హైదరాబాదుకు ఒక కొమ్మ తెస్తే?

సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక కొమ్మ పెట్టుకుందామనుకునేవాళ్లుంటారు. కొమ్మైనా గింజైనా, బయటి దేశం నుంచి మొక్కలు తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందే దిగుమతి అనుమతి, ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి ఉన్నా, ఆకు రాల్చి కొన్ని వారాలు చలిలో నిద్రపోవడం ఈ మొక్క జీవితంలో భాగం. హైదరాబాదు, విజయవాడ చలికాలం దానికి చాలదు, మే నెల ఎండ మిగిలిన పని చేస్తుంది. ఊటీ, కొడైకెనాల్, డార్జిలింగ్ వైపు ఇల్లున్నవాళ్లకు అక్కడ బాగా ఇమిడిపోయిన నీలం, గులాబీ రకమే మేలు, దాని కొమ్మను వానాకాలంలో గుచ్చితే బతుకుతుంది. ఓక్‌లీఫ్ కావాలంటే జార్జియాలో ఉన్న అక్కయ్యనో బావగారినో ఇంటికి తూర్పు వైపు ఒకటి నాటమని చెప్పి, నవంబరులో వాళ్లింటికి వెళ్లేలా టికెట్ చూసుకోవడమే.